మెడ పట్టీ: ఎప్పుడు ఆసరా, ఎప్పుడు అడ్డంకి?

బస్సులో, ఆఫీసులో, ఆసుపత్రి వరండాలో మెడకు పట్టీ పెట్టుకున్నవారు తరచూ కనిపిస్తుంటారు. కొందరికి దాన్ని డాక్టరు రాసిచ్చి ఉంటారు. ఇంకొందరు మెడ పట్టేసిందని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుంటారు. మరికొందరు ఇంట్లో ఎవరో ఒకప్పుడు వాడి పక్కన పడేసిన పట్టీనే దులిపి పెట్టుకుంటారు. చీటీ అక్కర్లేదు, ధర పెద్దగా ఉండదు, మింగే మాత్ర కాదు కాబట్టి హాని ఉండదన్న ధీమా ఒకటి. దాంతో రెండు రోజులకని తెచ్చుకున్న పట్టీ రెండు నెలలైనా మెడను వదలదు.

మెడ పట్టీ చేసే పని ఒక్కటే. అది మెడ కదలికను తగ్గిస్తుంది. విరిగిన ఎముక అతుక్కోవాలంటే ఆ కదలకపోవడమే చికిత్స. పట్టేసిన కండరం కోలుకోవాలంటే అదే కదలకపోవడం అడ్డంకి. అందుకే పట్టీని కూడా ఒక మందులాగే చూడాలి. ఏ జబ్బుకు, ఏ రకం, రోజుకు ఎంతసేపు, ఎన్ని రోజులు అన్న లెక్క దానికీ ఉంటుంది.

ఏడు పూసల వంతెన

పెద్దవారి తల బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. ఆ బరువును మోసేది మెడలోని 7 వెన్నుపూసలు. పై రెండు పూసల తీరు మిగతావాటికి భిన్నం. మొదటి పూస ఉంగరంలా ఉండి తలను మోస్తుంది. రెండో పూసలోంచి పైకి లేచిన మేకులాంటి ఎముక చుట్టూ ఆ ఉంగరం తిరుగుతుంది. తలను కుడికీ ఎడమకూ తిప్పే కదలికలో దాదాపు సగం ఈ ఒక్క జంట దగ్గరే జరుగుతుంది. కింది పూసల మధ్య డిస్కులు మెత్తలుగా పనిచేస్తూ కుదుపులను తట్టుకుంటాయి.

ఈ పూసల నడుమ ఉన్న గొట్టంలాంటి దారిలోంచి వెన్నుపాము కిందికి దిగుతుంది. దానినుంచి పక్కలకు చీలిన నరాలు భుజాలకు, చేతులకు వెళతాయి. పూసల పక్కన ఉన్న రంధ్రాల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు సాగుతాయి. ఇంత కీలకమైన దారిని కాపాడేవి ఎముకలు మాత్రమే కావు. వాటిని కట్టిపడేసే స్నాయువులు, చుట్టూ పొరలు పొరలుగా అల్లుకున్న కండరాలు కూడా. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ కండరాలే అసలైన మెడ పట్టీ. బయట కట్టే పట్టీ వాటి పనిని కొంతకాలం అరువు తీసుకుంటుంది, అంతే.

అన్ని పట్టీలూ ఒకటి కావు

దుకాణంలో తేలిగ్గా దొరికేది స్పాంజితో చేసి పైన గుడ్డ తొడిగిన మెత్తటి కాలర్. చూడటానికి మెడను బిగించి పట్టుకున్నట్టే ఉంటుంది. కొలిచి చూస్తే సంగతి వేరు. 1977లో అమెరికాలో ఆరోగ్యవంతులపై జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో, మెత్తటి కాలర్ మెడను ముందుకూ వెనక్కూ వంచే కదలికను సుమారు నాలుగో వంతు మాత్రమే తగ్గించింది. పక్కలకు తిప్పడాన్ని తగ్గించింది అంతకన్నా తక్కువే. మెత్తటి కాలర్ ఇచ్చేది కాస్త వెచ్చదనం, కాస్త ఆసరా, ‘మెడను ఒక్కసారిగా తిప్పొద్దు’ అన్న గుర్తింపు.

రెండో రకం గట్టి కాలర్. ముందు ఒక ముక్క, వెనక ఒక ముక్క ఉండి, గడ్డానికీ తల వెనక భాగానికీ ఆనుకునేలా ప్లాస్టిక్ లేదా గట్టి ఫోముతో చేస్తారు. వీటిలో బాగా తెలిసిన ఫిలడెల్ఫియా కాలర్ ముందుకూ వెనక్కూ వంగడాన్ని ఆ అధ్యయనంలో 70 శాతం దాకా ఆపింది. ఛాతీ వరకు పట్టీలతో సాగే కట్లు ఇంకొంచెం ఎక్కువ ఆపుతాయి.

అన్నిటికన్నా గట్టిది హేలో. తల చుట్టూ ఒక లోహపు ఉంగరం అమర్చి, దాన్ని స్క్రూలతో పుర్రె ఎముక పైపొరకు బిగించి, కడ్డీలతో ఛాతీ మీది కవచానికి కలుపుతారు. ఇది మెడ కదలికను 95 శాతానికి పైగా ఆపగలదు. 1959లో కాలిఫోర్నియాకు చెందిన వైద్యులు జాక్వెలిన్ పెర్రీ, వెర్నన్ నికెల్ దీన్ని పరిచయం చేశారు. పోలియోతో మెడ కండరాలు చచ్చుబడి, తల నిలపలేని రోగులకు శస్త్రచికిత్స తర్వాత మెడను నిలిపి ఉంచడానికి దాన్ని రూపొందించారు.

విరిగిన మెడను కదలకుండా కట్టాలన్న ఆలోచన మాత్రం చాలా పాతది. సుశ్రుత సంహితలో విరిగిన ఎముకల చికిత్స చెప్పే అధ్యాయంలో మెడ ప్రస్తావన ఉంది. మెడ పక్కకు తిరిగినా, లోపలికి కుంగినా సరిచేసి, చుట్టూ బద్దలు సమంగా పెట్టి, గుడ్డ పట్టీతో చుట్టి, రోగిని వెల్లకిలా ఏడు రాత్రులు పడుకోబెట్టమని అది చెబుతుంది. మెడను లాగి సరిచేసే పని నేడు ఎక్స్‌రే, సీటీ స్కాన్ సాయంతో నిపుణులు మాత్రమే చేయాల్సింది. అయినా ఆ పాత సూచనలో గమనించదగిన విషయం ఒకటుంది. కట్టు కట్టమని చెప్పిన చోటే దానికి గడువు కూడా చెప్పారు.

పట్టీ తప్పనిసరి అయ్యే సందర్భాలు

మెడ ఎముక విరిగినప్పుడు, స్నాయువులు తెగి పూసలు జారే ప్రమాదం ఉన్నప్పుడు గట్టి కాలర్ చాలా అవసరం. విరిగిన ముక్క కొద్దిగా కదిలినా వెన్నుపాము నలగవచ్చు. కాళ్లూ చేతులూ చచ్చుబడటం దగ్గర్నుంచి ఊపిరి ఆగిపోవడం దాకా ఏదైనా జరగవచ్చు. శస్త్రచికిత్స అక్కర్లేని కొన్ని విరుపుల్లో కాలరే ప్రధాన చికిత్స. ఎముక అతికే వరకు, సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు, డాక్టరు చెప్పినంత కాలం తీయకుండా ఉంచుకోవాలి. స్నానానికని, నిద్రకని సొంతంగా తీసేయడం ఇలాంటి వారికి ప్రమాదం.

మన దేశంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది వెన్నెముక క్షయ. క్షయ సూక్ష్మజీవి మెడ పూసలను తొలిచేస్తే అవి కుంగిపోయి వెన్నుపామును నొక్కవచ్చు. దీనికి అసలు చికిత్స క్షయ మందులే. ఆ మందులు పనిచేసి ఎముక మళ్లీ గట్టిపడే వరకు మెడను కాపాడటానికి కాలర్ తోడుగా ఉంటుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పూట ఎక్కువయ్యే మెడనొప్పి ఉన్నవారు పరీక్షలు చేయించుకోకుండా దుకాణంలో కాలర్ కొనుక్కుని వారాలు గడిపేస్తే, ఆ ఆలస్యానికి చెల్లించే మూల్యం కాళ్లూ చేతులూ కావచ్చు.

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ముదిరినవారిలో పై రెండు పూసల మధ్య పట్టు సడలవచ్చు. అప్పుడు కూడా డాక్టర్లు పట్టీ సూచిస్తారు. మెడకు శస్త్రచికిత్స జరిగిన తర్వాత కొందరికి అవసరం, కొందరికి అవసరం ఉండదు. లోపల ప్లేటు వేశారా, ఎన్ని పూసలు కలిపారు, ఎముక గట్టిదనం ఎంత అన్నదాన్ని బట్టి శస్త్రవైద్యులు నిర్ణయిస్తారు. మోటార్ న్యూరాన్ వ్యాధి వంటి జబ్బుల్లో మెడ కండరాలు క్షీణించి తల ముందుకు వాలిపోతుంది. వీరికి పట్టీ కదలికను ఆపే కట్టు కాదు, ఎదుటివారి ముఖం చూసి మాట్లాడటానికీ అన్నం తినడానికీ వీలు కల్పించే ఆసరా. ఇక్కడ ‘కండరాలు బలహీనపడతాయి’ అన్న అభ్యంతరానికి అర్థం లేదు.

రోడ్డు ప్రమాదంలో ఏం చేయాలి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. పడిపోయిన మనిషిని పదిమంది చేరి చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో కుక్కడం మన రోడ్ల మీద మామూలు దృశ్యం. సాయం చేయాలన్న తొందరలో జరిగే ఈ పనే విరిగిన మెడకు పెద్ద ముప్పు.

అలాగని చూసేవాళ్లు ఎక్కడినుంచో కాలర్ తెచ్చి బిగించడమూ సరికాదు. అలవాటు లేని చేతులు కాలర్ వేసే ప్రయత్నంలో మెడను మరింత కదిలించవచ్చు. అందుకే అంతర్జాతీయ ప్రథమ చికిత్స సూచనలు 2015 నుంచి సామాన్య సహాయకులు కాలర్ వేయడాన్ని ప్రోత్సహించడం లేదు. తలకు రెండు పక్కలా చేతులు ఆనించి, ఉన్న స్థితిలోనే కదలకుండా పట్టుకోవాలి. గాయపడినవారిని కదలొద్దని, తల తిప్పొద్దని చెప్పాలి. ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి. రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా అదమాలి. 108కి గాని, 112కి గాని ఫోన్ చేయాలి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి అనేక రాష్ట్రాలకు విస్తరించింది. మంటలు, నీళ్లు, వాహనాల రాకపోకల వంటి ముప్పు ఉంటే తప్ప మనిషిని అక్కడినుంచి కదిలించకూడదు. హెల్మెట్ కూడా ఊపిరికి అడ్డమైతే తప్ప తీయకూడదు. తీయక తప్పకపోతే ఒకరు తలను, మెడను నిలిపి పట్టుకుంటే రెండోవారు మెల్లగా లాగాలి. సాయపడినవారిని కేసుల పేరుతో వేధించకుండా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ రక్షణ ఇస్తోంది.

శిక్షణ పొందిన అంబులెన్సు సిబ్బంది విషయంలోనూ ఆలోచన మారుతోంది. ఒకప్పుడు ప్రమాదంలో పడిన ప్రతి ఒక్కరికీ కాలర్ బిగించడం నియమంగా ఉండేది. 2000లో అమెరికాలోని 21 ఆసుపత్రుల నుంచి వెలువడిన నెక్సస్ అధ్యయనం దానికి ఒక లెక్క చూపింది. దెబ్బలతో వచ్చి మెడకు ఎక్స్‌రే తీయించుకున్న 34,069 మందిని పరిశీలిస్తే, నిజంగా మెడ పూసలకు గాయమైనవారు 818 మంది. అంటే వందలో ఇద్దరు ముగ్గురు. మెడ మధ్య గీత వెంట నొప్పి లేకపోవడం, మత్తులో లేకపోవడం, పూర్తి స్పృహలో ఉండటం, నరాల లోపమేదీ కనిపించకపోవడం, దృష్టి మళ్లించేంత పెద్ద గాయం మరొకటి లేకపోవడం అనే అయిదు విషయాలు సరిచూసుకుంటే, ఎవరికి ఎక్స్‌రే అక్కర్లేదో దాదాపు కచ్చితంగా చెప్పవచ్చని అది తేల్చింది. డెన్మార్క్ వంటి దేశాల్లో ఇప్పుడు అందరికీ గట్టి కాలర్ వేయడం మాని, అనుమానం ఉన్నవారిని జాగ్రత్తగా పడుకోబెట్టి తరలించే పద్ధతుల వైపు మొగ్గుతున్నారు.

మామూలు మెడనొప్పికి పట్టీ పనిచేస్తుందా?

మెడనొప్పి చాలా మందికి ఉన్న బాధ. 2020లో ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల మందికి పైగా దీనితో బాధపడ్డారని అంచనా. వీరిలో అత్యధికులకు ఎముక విరగలేదు, వెన్నుపాముకు ముప్పు లేదు. ఎక్కువసేపు వంగి ఫోన్ చూడటం, ఒకే భంగిమలో కూర్చోవడం, సరిగా లేని నిద్ర, మానసిక ఒత్తిడి, వయసుతో వచ్చే అరుగుదల వంటివన్నీ కలిసి తెచ్చే నొప్పి ఇది.

‘స్పాండిలోసిస్ వచ్చింది’ అన్న మాట వినగానే చాలామంది మెడ పాడైపోయిందని హడలిపోయి పట్టీ కొంటారు. వయసుతో పాటు డిస్కులు అరగడం జుట్టు నెరవడం లాంటిది. జపాన్‌లో 20 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న, ఏ బాధా లేని 1,211 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 87.6 శాతం మందిలో డిస్కు ఉబ్బు కనిపించింది. అంటే స్కాన్‌లో కనిపించే ప్రతి ఉబ్బూ నొప్పికి కారణం కాదు, ప్రతి అరుగుదలకూ పట్టీ మందు కాదు.

ఆగి ఉన్న కారును వెనకనుంచి మరో వాహనం ఢీకొంటే మెడ కొరడాలా వెనక్కీ ముందుకూ ఊగి నొప్పి పుడుతుంది. ఇలాంటి దెబ్బకు ఒకప్పుడు వారాల తరబడి కాలర్ వేసేవారు. కెనడాలోని క్యూబెక్‌లో ఏర్పాటైన నిపుణుల బృందం 1995లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, ఎక్కువ కాలం కాలర్, విశ్రాంతి మేలు చేయకపోగా కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయని చెప్పింది. విరుపు లేదని తేలాక, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు తొందరగా మామూలు పనులకు మళ్లడమే మంచిదన్న అభిప్రాయం అప్పటినుంచి బలపడింది.

నరం నొక్కుకుని నొప్పి మెడ నుంచి చేతిలోకి పాకే సందర్భం వేరు. నెదర్లాండ్స్‌లో ఇలా నెల లోపు నొప్పి మొదలైన 205 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు కాస్త గట్టి కాలర్ వేసి విశ్రాంతి తీసుకోమన్నారు. మూడు వారాలు పగలంతా పెట్టుకుని, తర్వాతి మూడు వారాల్లో మెల్లగా మానేయాలి. రెండో గుంపుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. మూడో గుంపును చూస్తూ ఉండమన్నారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం మొదటి ఆరు వారాల్లో కాలర్ గుంపుకూ ఫిజియోథెరపీ గుంపుకూ నొప్పి తొందరగా తగ్గింది. ఆరు నెలలకు వచ్చేసరికి మూడు గుంపుల మధ్య తేడా లేదు. కాలర్ నరాన్ని బాగు చేయలేదు, బాగుపడే లోపు నొప్పిని తగ్గించింది. ఆ మేలు కూడా మెల్లగా మానేసే గడువుతో కలిపి ఇచ్చినదే.

పట్టీ తెచ్చిపెట్టే ఇబ్బందులు

మొదటిది కండరాల బలహీనత. పని లేని కండరం సన్నబడుతుంది. మెడ లోపలి పొరల్లోని చిన్న కండరాలు తలను నిలిపి ఉంచడంలో ముఖ్యం. పట్టీ వాటి పని తీసేసుకుంటే, తీసిన రోజున తల బరువుగా అనిపిస్తుంది. నొప్పి తిరగబెట్టిందనుకుని మళ్లీ పట్టీ పెట్టుకుంటారు. ఇలా ఆసరా అలవాటుగా, అలవాటు అవసరంగా మారుతుంది. కీళ్లు బిగుసుకుపోవడం, మెడ తిప్పితే ఏమవుతుందోనన్న భయం దీనికి తోడవుతాయి.

రెండోది చర్మం. గడ్డం కింద, చెవుల వెనక, తల వెనక భాగంలో, భుజం ముందున్న ఎముకల మీద గట్టి కాలర్ ఒత్తిడికి పుండ్లు పడతాయి. మంచంపట్టిన రోగిలో, స్పృహ లేనివారిలో ఇవి రెండు మూడు రోజుల్లోనే మొదలుకావచ్చు. మన ఎండల్లో చెమట, పేలిన చర్మం, ఫంగస్ వంటివి అదనం.

మూడోది మింగడం, ఊపిరి. గట్టి కాలర్ నోరు తెరవడాన్ని తగ్గిస్తుంది. తల వంచలేనందువల్ల వృద్ధులకు అన్నం, నీళ్లు పొరబోవచ్చు. అత్యవసరంలో గొంతులోకి గొట్టం వేయడం కష్టమవుతుంది. తలకు గాయమైనవారిలో బిగుతు కాలర్ మెడలోని సిరలను నొక్కి పుర్రె లోపలి ఒత్తిడిని పెంచవచ్చు.

నాలుగోది చూపు, తూకం. పట్టీ ఉంటే కాళ్ల ముందున్న మెట్టు కనపడదు. పెద్ద వయసువారు పడిపోయే ప్రమాదం ఉంది. పక్కలకు చూడలేరు కాబట్టి పట్టీ పెట్టుకుని బండి నడపడం తమకూ ఎదుటివారికీ ముప్పే.

అయిదోది అందరికీ తెలియనిది. ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బులో వెన్నెముక వెదురు గడలా బిగిసి, మెడ ముందుకు వంగి ఉంటుంది. ఇలాంటివారు కిందపడితే మెడ తేలిగ్గా విరుగుతుంది. వారికి మామూలు కాలర్ బిగించడానికి మెడను నిటారు చేయబోతే విరిగినచోట ఎడం పెరిగి వెన్నుపాము దెబ్బతినవచ్చు. వారి మెడ ఎప్పుడూ ఉండే వంపులోనే దిండ్లతో ఆపి ఉంచాలి. ఈ జబ్బు ఉన్న సంగతిని ఇంట్లోవారు అంబులెన్సు సిబ్బందికి ముందే చెప్పాలి.

వాడాల్సి వస్తే

పట్టీ రాసిచ్చిన డాక్టరును మూడు ప్రశ్నలు అడగాలి. ఎందుకు, రోజులో ఎంతసేపు, ఎప్పుడు మానేయాలి. విరుపు కోసమైతే రాత్రీ పగలూ ఉంచాలి, తీసి శుభ్రం చేసే పద్ధతిని సిబ్బంది నేర్పాలి. నొప్పి కోసమైతే కొద్ది రోజులు, ప్రయాణంలోనో నొప్పి ఎక్కువైన గంటల్లోనో పెట్టుకుని, మిగతా వేళ తీసి మెడను మెల్లగా కదిలిస్తుండాలి.

కొలత ముఖ్యం. పెద్ద సైజు పట్టీ మెడను వెనక్కి వంచుతుంది, చిన్నది ఆసరా ఇవ్వదు. పెట్టుకున్నాక చూపు నేరుగా ముందుకు ఉండాలి, గడ్డం సరిగ్గా దాని చోట ఆనాలి, మింగడానికి ఇబ్బంది ఉండకూడదు. ఒకరి పట్టీ మరొకరు వాడకూడదు. రోజూ చర్మాన్ని చూసుకోవాలి. ఎర్రటి మచ్చ ఒత్తితే పోకుండా ఉంటే పుండుకు అది తొలి గుర్తు.

మానేసేటప్పుడు రోజుకు కొంతసేపు తగ్గించుకుంటూ రావాలి. దానితో పాటే ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు మొదలుపెట్టాలి. గడ్డాన్ని లోపలికి లాగి పట్టడం, అరచేతిని నుదుటికి ఆనించి తల కదలకుండా నెట్టడం, భుజాలు వెనక్కి తిప్పడం వంటి తేలికైన వ్యాయామాలు కండరాలకు వాటి పని తిరిగి అప్పగిస్తాయి. మంగలి షాపులో మెడను ఒక్కసారిగా విరిపించుకోవడం మాత్రం మానాలి. అది అరుదుగానైనా మెదడుకు వెళ్లే ధమని లోపలి పొరను చీల్చి పక్షవాతానికి దారితీయవచ్చు.

పట్టీ కొనే ముందు డాక్టరును చూడాల్సిన సూచనలు కొన్ని ఉన్నాయి. కిందపడ్డాక లేదా ప్రమాదం తర్వాత మెడనొప్పి, చేతిలోనో కాలిలోనో బలం తగ్గడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చెప్పులు కాలినుంచి జారినా తెలియకపోవడం, నడకలో తూలడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, జ్వరం, బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సరు లేదా క్షయ ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పట్టీతో కాలం గడపకూడదు. పట్టీ నొప్పిని తగ్గించి, లోపల పెరుగుతున్న జబ్బును కప్పిపుచ్చవచ్చు.

ఇవేవీ లేని మామూలు మెడనొప్పి చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. వేడి కాపడం, అవసరమైతే డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర, గంటకోసారి లేచి మెడ తిప్పడం, ఫోన్‌ను కంటి ఎత్తుకు తెచ్చుకోవడం, మెడకు సరిపడే ఎత్తున్న దిండు వంటివి అందుకు సాయపడతాయి. అప్పటికీ పట్టీ పెట్టుకోవాలనిపిస్తే, తీసేసే తేదీ ఏదో పెట్టుకునే రోజునే రాసి ఉంచుకోవడం మేలు.